వాసన చూసి కొన్న మందు

తన కొంప ముంచింది మూతల బావేనని అతనికి ఆ ఉదయం రూఢి అయిపోయింది.

బత్తాయి కొమ్మ కింద భార్య తెల్లటి దిండు గలీబు పరిచి పట్టుకుంది. అతను పైపు ముక్కతో కొమ్మను టపటపా కొట్టాడు.

గలీబు మీద బూడిదరంగు నలుసులు రాలాయి.

ఇద్దరూ వంగి చూశారు.

ఒక నలుసు కదిలింది. వెనకే ఇంకొకటి. కాసేపటికి అన్నీ తలలు దించి, వెనక భాగాలు పైకెత్తి తీరిగ్గా కూర్చున్నాయి.

"నిన్న కొట్టిన మందుతో తలంటు పోసుకున్నట్టున్నాయి," అన్నాడు. "అంతా మీ అన్న చలవ."

"మా అన్న ఊసెత్తకపోతే మీకు తెల్లారదా?"

ఆమె అన్నకు పురుగుమందుల కొట్టు ఉంది. మందుల పేర్లు నోరు తిరగనివాళ్లకు మూత రంగు గుర్తు చెప్పి అమ్ముతాడు. అందుకే మూతల బావ అన్న పేరు.

ఎర్రమూత పనిచెయ్యలేదంటే నీలం మూత ఇచ్చాడు. దానికీ చావలేదంటే ఆకుపచ్చ మూత. ప్రతిసారీ అతను ముందు వాసన చూసుకున్నాడు. కళ్లు మండితే, "ఇదీ మందంటే!" అనుకున్నాడు. చెప్పినదానికి ఒక మూత ఎక్కువే పోశాడు.

పక్క తోటలో ఇప్పుడు మొద్దులే ఉన్నాయి.

ఈ పురుగు చిగుళ్ల రసం పీలుస్తూ ఒక చెట్టు జబ్బు ఇంకో చెట్టుకు అంటిస్తుంది. ఆ జబ్బుకు మందు లేదు, గొడ్డలే. కిందటిసారి తోటల ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు నాలుగు చెట్ల ఆకులు తిరగేసి చూసి చెప్పాడు.

"పురుగును చంపగలిగితే ఈ నాలుగే కొట్టేస్తాం. లేదంటే తోటంతా."

మళ్లీ ఇవాళ వస్తానన్నాడు.

భార్య ఫోన్ చేస్తే మూతల బావ మోపెడ్ మీద వచ్చాడు. సంచిలోంచి తెల్లమూత సీసా తీశాడు.

అతను మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ వాసనా లేదు.

"ఇది..."

"అదే బావా. నీళ్లు అమ్ముతున్నానని పదిమందిలో నా మొహాన విసిరికొట్టావే, అదే."

భార్య మొగుడి వైపు తిరిగింది. "ఎప్పుడండీ?"

అతను ఆ మాట విననట్టే ఉన్నాడు. "మరి ఎరుపూ, నీలమూ, ఆకుపచ్చా?"

"మూడూ ఒకటే మందు. కంపెనీలు వేరు, మూతలు వేరు. పురుగులు దానికి ఎప్పుడో అలవాటు పడిపోయాయి."

"ముందే చెప్పొచ్చు కదా అన్నయ్యా!"

"చెబితే వినే రకమా మీ ఆయన? ఆయనకు కావాల్సింది వాసన. వాసనే అమ్మాను."

అతను అప్పటికే డ్రమ్ములో నీళ్లు పడుతున్నాడు. తొందరలో సీసాలో సగం నేలపాలు చేశాడు.

"ఎంతసేపట్లో చస్తాయి?"

బావ చెప్పులకంటిన మట్టి చూసుకున్నాడు. "రెండు మూడు రోజులన్నా పడుతుంది."

గేటు దగ్గర జీపు ఆగింది.

ఇన్‌స్పెక్టర్ తెల్ల అట్ట పట్టుకుని కొమ్మను తట్టాడు. కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. ఇంకో చెట్టు దగ్గరికి నడిచాడు. అక్కణ్ణించి ఇంకోదాని దగ్గరికి.

వెనకే ముగ్గురూ నడిచారు, డాక్టరు వెనక నడిచినట్టు.

"అసలు మందు కొట్టారా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.



భార్య గలీబును నాలుగు మడతలు పెట్టింది.

ఇన్‌స్పెక్టర్ జీపులోంచి, కొట్టేసే చెట్లకు గుర్తు పెట్టే ఎర్రరంగు డబ్బా, కుంచె దింపించాడు. "మొత్తం తోట ఎంతని రాసుకోమంటారు?"

అతను అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. చేతిని ఎంత కడిగినా నిన్నటి మందు ఘాటు పోలేదు.

"రెండెకరాల డెబ్భై సెంట్లు," అన్నాడు.