కిక్కర్‌కు కాఫీ లేదు

లొరెయిన్ సోమవారం పొద్దున్నే ఈ మాట అట్టముక్క మీద రాసి, తన హోటలు తలుపుకు అంటించింది. ఊరంతా మెచ్చుకుంది.

మెచ్చుకోదా మరి. ఆదివారం ఆటలో మా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు రెండు పాయింట్లు వెనకబడి ఉంది. మూడే సెకన్లు మిగిలాయి. ముప్పై ఒక్క గజాల దూరంలో గోల్ స్తంభాలు. బంతి ఆ రెండింటి మధ్య నుంచి వెళితే మూడు పాయింట్లు వచ్చి, తొమ్మిదేళ్ల తర్వాత పై పోటీలకు వెళ్లేవాళ్లం. బంతి తన్నడమే పనిగా ఉన్న మా కిక్కర్ ఎమెట్ తన్నాడు. బంతి ఎడమ స్తంభం పక్క నుంచి పోయింది.

సోమవారం సాయంత్రానికి జట్టు అతన్ని తీసేసింది. మంగళవారం పొద్దున ఆ ఒక్క చోటు కోసం ఆరుగురు కొత్త కిక్కర్లు మైదానంలో తన్ని చూపిస్తున్నారు. మా ఆటలో కిక్కర్ బతుకింతే.

సరిగ్గా ఆ వేళకే ఉన్ని టోపీ పెట్టుకున్న సన్నటి మనిషి ఒకతను హోటల్లోకి వచ్చి కూర్చున్నాడు.

"కాఫీ, రెండు గుడ్లు."

లొరెయిన్ కాఫీ పోసి, గుడ్లు, రొట్టె ముందు పెట్టింది.

"ఆట చూశావా తమ్ముడూ?" అన్నాడు పక్క స్టూలు మీది బడ్. నీటి గొట్టాలు బిగించడం అతని పని. బంతి తన్నడం గురించి మాత్రం అతనికి తెలియనిది లేదు.

"దగ్గర్నుంచే చూశాను."

"మా అమ్మమ్మ చేతికర్రతో కొట్టినా పోయేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు గాలి మీదో గడ్డి మీదో తోస్తాడనుకున్నా. అదీ లేదు. మైకు ముందు నిలబడి 'తన్నింది నేనే' అన్నాడంతే. ఎంత పొగరు."

ఆ మనిషి గోడ మీది ఫోటో చూస్తున్నాడు. అందులో ఒక కుర్రాడు మోకాలి మీద కూర్చుని, ఒక్క వేలితో బంతిని నిలబెట్టి పట్టుకున్నాడు.

"మా అబ్బాయి డెన్నీ" అంది లొరెయిన్ గర్వంగా. "ఈ ఏడే జట్టులో చేరాడు. వచ్చిన బంతిని పట్టుకుని, కిక్కర్ తన్నేందుకు కుట్లు స్తంభాల వైపుకి తిప్పి నిలబెట్టాలి. అదంతా ఒక్క సెకనులో. కుట్లు తన్నేవాడి వైపుంటే బంతి వంకర పోతుంది. వీడు బంగారంలా పెట్టిస్తే ఆ దరిద్రుడు పాడుచేశాడు."

"మంచి చేతులు" అన్నాడతను. "ఆ దరిద్రుడు ఇక్కడికొస్తే?"

"తలుపు మీద రాశాగా. చదవలేదా?"

"చదివే వచ్చాను."

టోపీ తీశాడు. హెల్మెట్ లేకుండా ఆ ముఖాన్ని ఊళ్లో ఎవరూ ఇంత దగ్గరగా చూడలేదు. ముందుగా ఎమెట్‌ని గుర్తుపట్టింది బడ్.

"ఊరికి క్షమాపణ చెప్పు" అన్నాడు.

"దేనికి?"

"ఓడించినందుకు."

"ఈ జట్టుకి పదకొండేళ్లు ఆడాను. రెండొందల పద్నాలుగు సార్లు ఆ స్తంభాల మధ్య నుంచి పంపాను. ఒక్కసారైనా ఎవరైనా మెచ్చుకున్నారా? నేనూ అడగలేదు. తన్నింది నేనే. ఎవరడిగినా ఆ మాట చెప్తాను. క్షమాపణ మాత్రం చెప్పను."

లొరెయిన్ అతని ముందున్న కప్పు తీసి సింకులో పారబోసింది.

"నీకిక్కడ కాఫీ లేదు. లే."

"గుడ్లున్నాయిగా" అన్నాడు.

తీరిగ్గా తిన్నాడు. రొట్టెముక్కతో పళ్లెం తుడుచుకుని మరీ తిన్నాడు. అవమానపడ్డవాడికి ఆకలి వేయకూడదని మా ఊరివాళ్ల నమ్మకం. అతనికి మాత్రం బాగానే వేసింది.

బిల్లు కట్టి, కోటు జేబులోంచి తెల్లటి పట్టీ చుట్ట ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఆటగాళ్లు దెబ్బ తగిలినచోట చుట్టుకునేది.

"మీ డెన్నీకి ఇవ్వండి."

"నీ సాయం మా వాడికి అక్కర్లేదు" అంటూ లొరెయిన్ దాన్ని అతని కళ్లముందే చెత్తబుట్టలో పడేసింది.

"ఇవ్వమన్నాను. ఆపైన మీ ఇష్టం."

బయట సామానుతో నిండిన కారు ఉంది. అది ఎక్కి పెద్దరోడ్డు వైపు వెళ్లిపోయాడు. హోటల్లో అందరూ లొరెయిన్‌కు చప్పట్లు కొట్టారు. సిగ్గులేని చప్పట్లు, కానీ కొట్టారు.

అరగంటకు డెన్నీ వచ్చాడు. కుడిచేయి కోటు జేబులోనే ఉంది.

"అమ్మా, తలుపు మీద అది ఎవరు రాశారు?"

"నేనే. ఇందాక వాడొస్తే కాఫీ కూడా పారబోశా. నీకేదో పట్టీ ఇచ్చాడు, చెత్తలో వేశా."

డెన్నీ బుట్టలోకి వంగి ఎడమచేత్తో పట్టీ తీశాడు. తర్వాత కుడిచేయి బయటపెట్టాడు. నడిమివేలు వంకాయలా వాచి నల్లబడింది.

"ఇదేమిట్రా?"

"సగం ఆట కాకముందే విరిగింది. చెబితే నా చోట ఇంకొకణ్ణి దించేవాళ్లు. ఎమెట్‌కొక్కడికే చెప్పాను."

బడ్ తల వంచుకుని పళ్లెం చూసుకున్నాడు.

"మరి ఆ చివరి బంతి?" అంది లొరెయిన్.

"కుట్లు తిప్పలేకపోయానమ్మా. ఆట అయ్యాక నిజం చెప్పేస్తానన్నాను. 'నోరు మూసుకో, నువ్వింకా ఆట మొదలే పెట్టలేదు' అన్నాడు."

లొరెయిన్ తలుపు దాకా పరుగెత్తింది. రోడ్డు ఖాళీగా ఉంది. అట్టముక్కను రెండు చేతులతో చింపి లోపలికి వచ్చింది. కొడుకు వేలికి పట్టీ చుట్టడం మొదలుపెట్టింది.

"మైకు ముందు అన్న మాట, ఓడిపోయాక నా మీద జాలిపడి అన్నది కాదమ్మా" అన్నాడు డెన్నీ. "బంతి రాకముందే, నా వేలు చూసి నాతో అన్నాడు: 'నువ్వెలా నిలబెట్టినా సరే, ఎవరడిగినా తన్నింది నేనే అని చెప్తా.'"