అయిదు వంతుల యుద్ధం

ఆ ఆదివారం మధ్యాహ్నం రంగుల వ్యాపారి చేతిలో ఉన్నది నూట ఇరవై మంది కాల్బలం, ఇరవై నాలుగు గుర్రాలు, నాలుగు ఫిరంగులు. అందరూ బొటనవేలంత సీసపు బొమ్మలు. నెపోలియన్ కాలపు నీలం కోట్లు. ఒక్కొక్కడికీ కోటు బొత్తాలతో సహా రంగు వేసింది అతనే.

ఎదురుగా లెక్కల మాస్టారికి ఎర్రకోట్లవాళ్ళు రెండు వందల మంది, నలభై గుర్రాలు.

"చిన్న సైన్యం నాకివ్వండి" అని వ్యాపారే అడిగి తీసుకున్నాడు.

"నువ్వు పందొమ్మిదేళ్ళలో ఒక్క ఆట గెలిచిన పాపాన పోలేదు. పైగా చిన్న సైన్యమా?"

"కానివ్వండి మాస్టారూ. టైము లేదు."

షాపు వెనక గోడౌన్లో రెండు తలుపు చెక్కలు కలిపి వేసిన బల్ల అది. థర్మాకోల్ కొండ, నీలం గుడ్డతో ఏరు, దాని మీద అగ్గిపుల్లల వంతెన. వంతెన ఎవరి చేతిలో మిగిలితే వాళ్ళది గెలుపు. మూడో కుర్చీ ఖాళీగా ఉంది. అది దర్జీది. ఆట నియమాలన్నీ నోటుబుక్కులో రాసింది అతనే, తగువొస్తే తీర్పు చెప్పేదీ అతనే.

గంట క్రితం మాస్టారి ఫోను మోగింది. గుడ్డల కోసం పొరుగూరు వెళ్ళిన దర్జీ తిరిగి వస్తున్న బస్సు కల్వర్టు మీంచి పడిపోయింది. బతికినవాళ్ళలో అతను లేడు. ఆరింటికల్లా శవాన్ని ఇంటికి చేరుస్తామన్నారు.

దర్జీ భార్య ఎదురింటి మేడ మీద ఉంది. ఆమెకింకా తెలియదు. ఆరులోపు ఎవరో ఒకరు మెట్లెక్కి చెప్పాలి.

"ఇద్దరం వెళ్దాం" అన్నాడు మాస్టారు మొదట.

"వెళ్ళి? మీరు నా మొహం, నేను మీ మొహం చూస్తూ నిలబడతాం. ఆవిడ మన ఇద్దరి మొహాలూ చూస్తుంది. ఒక్కరే వెళ్ళాలి."

"ఎవరు?"

వ్యాపారి గుక్క తిప్పుకోకుండా బేరం తెంచాడు. "అయిదు వంతులు ఆడదాం. ఎవరు వెళ్ళాలో ఆటే తేలుస్తుంది. వాడు రాసిన పద్ధతి ప్రకారమే."

మాస్టారు అతని వైపు ఓసారి చూశాడు. బొమ్మలు పేర్చడం మొదలుపెట్టాడు.

మొదటి వంతులో వ్యాపారి నాలుగు ఫిరంగుల్నీ ఏటి ఒడ్డున బురదలోకి దించాడు. అవి అక్కడే దిగబడిపోయాయి.

రెండో వంతులో కాల్బలాన్ని వరసగా వంతెనెక్కించాడు. ఎర్రకోట్ల తుపాకులకి నలభై ఒక్క మంది పోయారు. పోయినవాళ్ళని ఒక్కొక్కర్నే ఏరి ఖాళీ రంగు డబ్బాలో వేశాడు. టక్, టక్ అని చప్పుడు.

"ఏమోయ్, కళ్ళు మూసుకుని ఆడుతున్నావా?"

"నాకు చేతనైంది ఇంతే."

మూడో వంతులో మాస్టారు తన నలభై గుర్రాల్నీ, తుపాకుల కొనన బాకులు ఎత్తి నాలుగు వైపులా దడి కట్టుకుని నిలబడ్డ నీలంకోట్ల మీదికి ఉరికించాడు. గుర్రాలు అలా వెళ్తే చావడమేనని మిగతా ఇద్దరికీ నేర్పినవాడు ఆయనే. ముప్ఫై ఎనిమిది పోయాయి.

"మాస్టారూ, ఇది మీరు చేసే పనేనా?"

"మనసు మనసులో లేదు. నీ వంతు, పాచికలు వెయ్యి."

అప్పుడు షాపు గుమ్మంలో గాజుల చప్పుడైంది. దర్జీ భార్య. చేతిలో చిన్న కాగితం పొట్లం.

"అన్నయ్యగారూ, ఆయన ఇంకా రాలేదా?"

"లేదమ్మా" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఫోను ఎత్తరు, ఏమీ ఎత్తరు. వస్తే ముందు భోజనానికి పంపండి, ఆ తర్వాతే మీ యుద్ధం. ఇవిగో, మీ బొమ్మలకి జెండాలు. రాత్రే కుట్టి పెట్టారు." పొట్లం బల్ల అంచున పెట్టింది. "ఎవరిది పైచేయి?"

"మాస్టారిదే" అన్నాడు వ్యాపారి, బల్ల మీంచి తలెత్తకుండా.

"మీరెప్పుడూ ఇంతే అన్నయ్యగారూ! ఒక్కసారైనా గెలిచి చూపించండి!" నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఆమె మెట్లెక్కిన చప్పుడు ఆగేదాకా ఇద్దరూ కదల్లేదు. పొట్లం విప్పలేదు.

నాలుగో వంతులో వ్యాపారికి ఉన్న ఇరవై నాలుగు గుర్రాలూ పోయాయి. కాల్బలంలో మరో పందొమ్మిది మంది పోయారు. అరవై మంది మిగిలారు. వంతెన మీద మాస్టారి మేటి దళం గోడలా నిలబడి ఉంది. గోడ గడియారం అయిదుంపావు.

అయిదో వంతు. వ్యాపారి టేపు పెట్టి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. తర్వాత అరవై మందినీ నడుంలోతు నీళ్ళలోంచి నేరుగా ఆ దళం మీదికే తోశాడు. దారిలోనే పద్నాలుగు మంది పడిపోయారు.

"ఆలోచించుకున్నావా? రెండు పాచికలూ ఆరు పడితే తప్ప వాళ్ళు కదలరు."

"తెలుసు."

వ్యాపారి పాచికలు గుప్పిట్లోకి తీసుకున్నాడు. విదిలించాడు. ఒకటి కొండకి తగిలి ఆగింది. ఆరు. రెండోది వంతెన దాకా దొర్లి నిలబడింది. ఆరు.

మాస్టారు తన దళాన్ని తన చేత్తోనే వంతెన మీంచి తీసేసి, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకున్నాడు.

"నీదేనోయ్" అన్నాడు మెల్లగా.

అలా ఆ సాయంత్రం రంగుల వ్యాపారికి దక్కినవి నలభై ఆరు మంది సైనికులు, ఒక అగ్గిపుల్లల వంతెన, పందొమ్మిదేళ్ళలో మొదటి గెలుపు, దాంతోపాటే ఎదురింటి మేడ మెట్లు కూడా, ఎందుకంటే దర్జీ నోటుబుక్కు ప్రకారం యుద్ధం కబురు ఇంటికి మోసుకెళ్ళాల్సింది గెలిచిన సేనాపతే.