చేతికంటని రంగు

జూన్ చివర్లో వచ్చే మిడ్‌సమ్మర్ పండగ అయిన మర్నాడు, సిగ్నే కిటికీలోంచి చూసేసరికి ఎవరో ముసలాయన ఆమె చెక్కదుంగల ఇంటి ఉత్తరపు గోడను అరచేత్తో రుద్దుతున్నాడు.

ఆమె చీపురు పట్టుకుని బయటికొచ్చింది.

"ఏయ్, ఏం చేస్తున్నావక్కడ?"

ఆయన చెయ్యి తిప్పి చూపించాడు. అరచెయ్యి ఎర్రగా ఉంది.

"రంగు చేతికంటుతోందమ్మా. గోడ ఇంకా బాగున్నట్టే."

"అంటుతోందనే నాకు మంట. ముప్పై ఏళ్లుగా ఈ గోడకు ఆనుకున్న ప్రతి కోటూ ఎరుపే. ఈసారి డబ్బా రంగు వేస్తున్నా. అదీ ఇదే ఎరుపు, చేతికంటదు, పదేళ్లు చూసుకోనక్కర్లేదు."

మెట్ల మీద ఆరు డబ్బాలున్నాయి. మూతలు ఇంకా తియ్యలేదు. ఆయన వాటివంక కాసేపు చూశాడు.

"అవి తిరిగిచ్చెయ్యండి. ఆ రంగు దుంగల మీద ప్లాస్టిక్ తొడుగులా బిగుసుకుంటుంది. లోపలి తడి బయటికి రాదు. గోడ కుళ్లిపోతుంది."

"నా ఇల్లు, నా దుంగలు. మధ్యలో నీకేంటి?"

"పిండి జావ కాచి, ఫాలున్ గనిలో దొరికే ఎర్రమట్టి కలిపి, పాత రంగు నేనే చేసిస్తాను. కూలి వద్దు. కాఫీ ఇస్తే చాలు."

"కాఫీ నేను పిలిచినవాళ్లకే."

కంచె అవతల పక్కింటి టీరా నవ్వింది.

"పోయిన వారం మా గోడా ఇలాగే తడిమాడే. కుక్కను వదిలా."

"కరిచిందా?"

"ఎక్కడ! పక్కన కూచుని తోకూపింది. రంగుతోపాటు దాన్నీ మార్చాలి."

ఆయన వినేలాగే ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ ఇల్లు సిగ్నే తాత కట్టింది. ఆమెకున్నదల్లా అదే. ఆగస్టు వానలు మొదలయ్యేలోగా రంగు పని అయిపోవాలి.

మర్నాడు ఆయన సైకిల్ వెనక చిన్న బండి కట్టుకుని, అందులో ఇనుప కాగు వేసుకుని వచ్చాడు. రోడ్డు పక్కన మూడు రాళ్లు పెట్టి మంట వేశాడు. పొద్దున్నించి కలుపుతూనే ఉన్నాడు. సిగ్నే రెండుసార్లు వెళ్లి పొమ్మంది.

"రోడ్డు అందరిదీ కదమ్మా," అన్నాడు.

సాయంత్రం బకెట్ నిండా రంగు తెచ్చి ఆమె గేటు లోపల పెట్టాడు.

సిగ్నే దాన్ని కాలితో తన్నింది. కంకర మీద ఎరుపు పారింది.

"ఇప్పుడర్థమైందా?"

ఆయన వంగి ఖాళీ బకెట్ తీసుకున్నాడు.

"కనీసం ఉత్తరపు గోడకైనా ఆ డబ్బా రంగు వెయ్యకండి. దానికి ఎండ తగలదు."

మర్నాడు ఆమె ఉత్తరపు గోడతోనే మొదలుపెట్టింది.

మూడో ఏడు మంచు కరిగాక ఆ గోడ మీద రంగు బొబ్బలెక్కింది. వడ్రంగి ఆర్విడ్ వచ్చి కత్తి గుచ్చాడు. పిడి దాకా దిగిపోయింది.

"ఐదు దుంగలు పోయాయి అత్తా. కప్పు బరువంతా వీటిమీదే. వచ్చే చలికాలం ఈ ఇంట్లో ఉండొద్దు."

సిగ్నే ఆ చిల్లులో వేలు పెట్టి చూసింది.

"ఒకాయన చెప్పాడురా. తరిమేశాను."

"సైకిల్ బండి, కాగు... ఆయనేనా?"

"ఆయనే. ఎక్కడుంటాడు? వెళ్లి పిలుచుకొస్తాను."

"మొన్న క్రిస్మస్ ముందు చనిపోయాడు. ఈ చుట్టుపక్కల పదకొండు ఇళ్లవాళ్లు ఆయన మాట విన్నారు. ఆ పదకొండూ బాగున్నాయి."

సిగ్నేకి కోపమొచ్చింది.

"నాకేం తెలుసు? పనీపాటా లేని ముసలాడనుకున్నా. ఈ డబ్బాలు చేసే అంత పెద్ద ఫ్యాక్టరీ వాళ్లకంటే రోడ్డున పోయేవాడికి ఎక్కువ తెలుసని ఎవరనుకుంటారు?"

ఆర్విడ్ కత్తి తుడిచి మడిచాడు.

"నలభై ఏళ్ల కిందట ఆ ఫ్యాక్టరీలో ఈ డబ్బా రంగును కనిపెట్టింది ఆయనే అత్తా."