రాళ్ళగడ్డకు సాక్ష్యం

"రెండేళ్ళుగా లేని తొందర ఇప్పుడెందుకమ్మా?" భీమేశ్వరరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"సోమవారం విచారణ ఉంది సార్. ఆలోగా సంచిక రావాలి," అంది నాగేశ్వరి.

చరిత్ర పరిశోధనలు వేసే ఆ త్రైమాసిక పత్రికకు ఆయన సంపాదకుడు. త్రైమాసికం అన్నది పేరుకే, ఏడాదికొకటి వచ్చినా పండితులు పండగ చేసుకునేవారు. కాలేజీలో చరిత్ర చెప్పే నాగేశ్వరి రాసిన వ్యాసం ఆయన సొరుగులో అలాగే మగ్గుతోంది. మాదాపూర్ పక్కన రాళ్ళగడ్డ అనే చిన్న వాడ ఉంది. మూడు తరాలుగా అక్కడ బండలు కొట్టి బతుకుతున్నవాళ్ళ కథ అది. వాళ్ళ నోటి నుంచి విని రాసింది. రాసిన రోజుల్లో ఆ వాడ ఉన్న సంగతే ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు పక్కనే హైటెక్ సిటీ అద్దాల మేడ లేచింది. మేడకు వెడల్పాటి రోడ్డు కావాల్సి వచ్చింది.

"ఖాళీ చేయమని నోటీసులిచ్చారు సార్. వాళ్ళు నిన్నగాక మొన్న వచ్చి గుడిసెలు వేసుకున్నారట. పట్టా లేదు, పన్ను రసీదు లేదు. పాతకాపులని తేలితే వేరేచోట ఇళ్ళ స్థలాలిస్తారు. తేలకపోతే బుల్డోజరే."

"నువ్వు లెక్చరర్‌వి. వెళ్ళి చెప్పొచ్చుగా?"

"చెప్పానండీ. నోటిమాట ఎవరిదైనా నోటిమాటేనన్నాడు విచారణ జరిపే అధికారి. నోటీసుకు ముందే రాసి, పెద్దలు పరిశీలించి, అచ్చు వేసినదేదైనా ఉంటే చూస్తాడట. అచ్చులో ఉన్నదే చూస్తాడట, ఆపైన ఒక్క ముక్క వినడట. మన పత్రికలో వ్యాసం అందిన తేదీ కూడా వేస్తాం కదా సార్."

"పత్రిక ఉన్నది చరిత్ర కోసమమ్మా, విచారణల కోసం కాదు."

"మనుషులుంటేనే కదండీ చరిత్ర."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఈ పూజారి మాత్రం మెత్తబడ్డాడు.

"సరే, ఆదివారం కూడా ప్రెస్సు తెరిపిస్తాను. కానీ రేపు ఎవరూ మనవైపు వేలెత్తి చూపకూడదు. అంతా పద్ధతి ప్రకారమే రాశావు కదా?"

"పరిశోధన నియమాల్లో ఒక్కటీ తప్పలేదు సార్." ఆ మాట కొంచెం గర్వంగానే అంది నాగేశ్వరి.

ఆ సాయంత్రం చందానగర్‌లోని ఇంటికి పోకుండా నేరుగా రాళ్ళగడ్డకు వెళ్ళింది. వాడ మొదట్లో ఇళ్ళు అప్పుడే ఖాళీ అయిపోయాయి. చంద్రమ్మ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"వచ్చినవా బిడ్డా? నా మాటలు పుస్తకంల పడ్డట్టేనా?"

"పడ్డట్టే. సోమవారానికి చేతికొస్తుంది."

"మా తాత ముచ్చట గూడ?"

"మీ తాత ఈ బండకు ఉలి పెట్టిన నాటి నుంచీ అంతా ఉంది."

చంద్రమ్మ ముఖం విప్పారింది. మొదటిసారి నాగేశ్వరి వచ్చినప్పుడు "సర్కారోళ్ళకు చెప్తవా ఏంది" అని తలుపేసుకున్న మనిషి. చెప్పినందుకు నీకు ఏ ఇబ్బందీ రానివ్వనని ఒట్టేస్తేనే నోరు విప్పింది. ఇప్పుడు చుట్టుపక్కలవాళ్ళకు ఆవిడే ధైర్యం చెబుతోంది.

"మా కోడలు సామాన్లు మూటగట్టింది. ఆ మూటలు నేనే విప్పించిన. కిరాయికి అర్ర దొరికిందన్నది, నేనే వద్దన్న. నాగేశ్వరమ్మ ఉండంగ మనకేం ఫికర్ అన్న."

ఇంత నమ్మకం మోయడం నాగేశ్వరికి అలవాటు లేదు. విద్యార్థులు కూడా ఆమెను ఇంతగా ఎన్నడూ నమ్మలేదు.

"ముందుజాగ్రత్తకు ఆ అర్ర అట్టేపెట్టమనాల్సింది," అంది నెమ్మదిగా.

"పోయింది తియ్, వేరేటోళ్ళు దిగిన్రు. పుస్తకమున్నది గద!"

ఆదివారమంతా నాగేశ్వరి ప్రెస్సులోనే ఉండిపోయింది. ప్రూఫులు తనే దిద్దింది. ఫుట్‌నోట్లలో కామాలను కూడా వదల్లేదు. వ్యాసం ఆమెకు కంఠతా వచ్చు, అయినా మళ్ళీ మళ్ళీ చదివింది. ఎక్కడా ఒక్క తప్పు కూడా కనబడలేదు.

సోమవారం ఆఫీసు వరండాలో చంద్రమ్మ ఆ సంచికను కొంగులో చుట్టి పట్టుకుంది. చదవడం రాదు. అయినా పేజీలు తిప్పి చూసి, మళ్ళీ చుట్టుకుంది. బయట సన్నగా వాన పడుతోంది.

అధికారి చెడ్డవాడేం కాదు. ఇద్దరినీ కూర్చోమన్నాడు. వ్యాసం అందిన తేదీ చూశాడు.

"తొంభై ఆరు. నోటీసుకు బాగా ముందే. మంచిది మేడమ్, ఇదే నేనడిగింది."

నాగేశ్వరి ఊపిరి పీల్చుకుంది. చంద్రమ్మ రెండు చేతులూ జోడించింది.

ఆయన తీరిగ్గా చదివాడు. మధ్యలో ఒకచోట తల కూడా ఊపాడు. చివరి పేజీ దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చాడు. ఈసారి వేలు పెట్టి ఒక్కొక్క వరుసే వెతికాడు.

"మేడమ్, ఇదంతా ఎర్రకుంట అనే వాడ గురించి ఉంది. చెప్పినావిడ ఈశ్వరమ్మ అని ఉంది. రాళ్ళగడ్డ ఎక్కడ ఇందులో? ఈమె పేరెక్కడ?"

నాగేశ్వరి ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నోటిమాటలు వద్దని ముందే చెప్పాను కదండీ."

సంచికను మూసి చంద్రమ్మ వైపు జరిపాడు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. నాగేశ్వరి వైపు తిరిగింది.

"ఈశ్వరమ్మ ఎవరు బిడ్డా? మా వాడల గా పేరుగల్లోళ్ళు ఎవ్వరు లేరు గద?"

చెప్పినవాళ్ళకు ఏ కీడూ రాకూడదన్న పరిశోధన నియమం ప్రకారం, వాడ పేరుతో సహా పేర్లన్నీ మార్చింది నాగేశ్వరే.