చాలు

వాన మొదలవగానే పక్కింటి రేకుల కప్పు మీది నీళ్లన్నీ గట్టర్ గొట్టంలోంచి అచ్చమ్మ పెరట్లోకి దూకాయి. అక్కడి నుంచి వంటింట్లోకి వచ్చాయి. ఆమె నడుం పట్టుకుని లేచి, గుమ్మంలోంచి ఎప్పటిలాగే అరిచింది.

"చాలు బాబూ, చాలు!"

పక్కింటి ఎత్వా నిచ్చెన మీదున్నాడు. ఎప్పటిలాగే నవ్వి చెయ్యి ఊపాడు. గొట్టానికి అడ్డుపడ్డ ఆకులు తీసేశాడు. ధార ఇంకా పెద్దదైంది.

సోంపేట నుంచి, అందరూ హిందీ మాట్లాడే ఈ డైరీ ఫార్మ్ అనే పేటకి వచ్చి రెండేళ్లు. రెండు వానాకాలాలూ వంటింట్లో నీళ్లు ఎత్తిపోయడంతోనే సరిపోయింది. ఇక తిట్టడానికి కూడా ఓపిక లేదు. వచ్చిన నాలుగు హిందీ ముక్కలూ కూడదీసుకుని, తడుస్తూనే వెళ్లి నిచ్చెన కింద నిలబడింది.

"భయ్యా, పానీ బంద్ కరో. నావల్ల అవదింక."

ఎత్వా నవ్వు ఆగిపోయింది. ఆమెకు అర్థమయ్యేలా హిందీలో నెమ్మదిగా చెప్పాడు.

"ఎండాకాలం మీరు రోడ్డు మీంచి బిందెలు మోయడం చూసి, మీ డ్రమ్ము నిండుతుందని గొట్టం ఇటు తిప్పాను దీదీ. వాన పడ్డప్పుడల్లా మీరే కదా, 'చాలూ, చాలూ' అంటారు? పారనీ, ఆపొద్దు అని!"

గొట్టాన్ని తన వైపు తిప్పుకోబోయాడు.

అచ్చమ్మ కుళాయి దగ్గరి ఖాళీ డ్రమ్మును దొర్లించుకొచ్చి ధార కింద నిలబెట్టింది.

"చాలూ, భయ్యా," అంది. ఈసారి అతని భాషలో.