హీరోగారి నడుం

కటుక్కు!

మేడమీది గదిలోంచి వచ్చిన ఆ చప్పుడుకి, కింద సోఫాలో కూర్చున్న నిర్మాత వీరరాఘవయ్య చేతిలో కాఫీ తొణికి తెల్ల ప్యాంటు మీద పడింది. ఆ వెంటనే ఒక కేక.

"అమ్మో! సచ్చిన్రా నాయనా!"

"అయ్యయ్యో! నొప్పికి మా హీరోగారి యాస కూడా మారిపోయిందేంటమ్మా!"

హీరో ప్రభంజన్ భార్య రాజ్యలక్ష్మి తుడుచుకోవడానికి తువ్వాలు అందించింది.

"పదేళ్లుగా ఆ నర్సింహతోనే తిరుగుతున్నారు కదండీ, అలవాటైపోయింది."

నర్సింహ అంటే ప్రభంజన్‌కి డూపు. తెర మీద హీరో మేడల మీంచి దూకితే, దూకేది నర్సింహ. లేచి మీసం తిప్పేది ప్రభంజన్. ఊరంతా ఈల వేసేది మీసానికే!

వారం కిందట సెట్లో ప్రభంజన్ నడుం పట్టుకుని కూర్చుండిపోయాడు. మర్నాడు అతని పేరు రాసిన కవర్లో ఎక్స్‌రే వచ్చింది. అది చూసిన పెద్ద సర్జను ఆపరేషనన్నాడు, ఆర్నెల్లు మంచమన్నాడు. పాపం వీరరాఘవయ్య! వరసగా రెండు సినిమాలు పోయి ఉన్నాడేమో, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. క్లైమాక్స్ ఫైటు ఒక్కటే మిగిలింది. దసరా విడుదల అని పోస్టర్లు కూడా అంటించేశారు. ఇది కూడా ఆగితే మళ్లీ తెనాలి వెళ్లి బియ్యం మిల్లులో కూర్చోవడమే.

అప్పుడు ప్రభంజనే దారి చూపించాడు. కోత లేకుండా చేత్తోనే వెన్ను సరిచేసే డాక్టరమ్మ ఉందట. ఆ వైద్యం పేరు కైరోప్రాక్టిక్ అట. వీరరాఘవయ్య రెండుసార్లు పలకబోయి, మూడోసారి ఆ ప్రయత్నం మానుకున్నాడు.

డాక్టర్ లీలాకుమారి చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగింది. బక్కపలచటి మనిషి.

"అంత చప్పుడు చేసింది మీరేనా తల్లీ?" అన్నాడు వీరరాఘవయ్య నమ్మలేక.

"నేనేనండీ. భయపడకండి, విరిగింది లేదు. మూడు వారాలు రోజూ వస్తాను. బరువులెత్తకూడదు, గెంతకూడదు, చెక్కబల్ల మీద పడుకోవాలి." ఎక్స్‌రేని కిటికీ వెలుగులో పెట్టింది. "చూడండి ఎన్ని పాత దెబ్బలో! ఎన్నిసార్లు పడితే ఇలా అవుతుంది?"

"మావాడి ఫైట్లంటే మజాకా!" అన్నాడు వీరరాఘవయ్య గర్వంగా. అంతలోనే నిట్టూర్చాడు. "అదే ఏ ఫైటరుకో నడుం పట్టేస్తే, సాయంత్రానికి ఇంకొకణ్ణి పెట్టుకునేవాణ్ణి. నడుం పోయినవాణ్ణి మళ్లీ ఎవడు పిలుస్తాడు? హీరోని అలా మార్చలేం కదమ్మా!"

లీలాకుమారి ఎక్స్‌రేని కవర్లో పెట్టేసింది.

చొక్కా మీద వెడల్పాటి బెల్టు కట్టుకుని ప్రభంజన్ మూలుగుతూ దిగాడు. వెనకే నర్సింహ, ఒక్కో మెట్టే దిగుతూ.

"అదీ డూపంటే!" అన్నాడు వీరరాఘవయ్య ముచ్చటపడి. "హీరో కుంటితే వాడూ కుంటుతున్నాడు! ప్రభంజన్‌గారూ, ఈ మూడు వారాలూ నర్సింహతో దూకే షాట్లు తీసేద్దామా? రోజులు కలిసొస్తాయి."

"నేను సెట్లో లేకుండా నా డూపు దూకడు," అన్నాడు ప్రభంజన్ చప్పున. "నాకది సెంటిమెంటు."

సెంటిమెంటు అన్నాక ఫిల్మ్‌నగర్లో ఇంకెవరు నోరెత్తుతారు? వీరరాఘవయ్య చెంపలేసుకుని ఊరుకున్నాడు.

గేటు దగ్గర నర్సింహ చెక్కబల్లని జీపులోకి ఎక్కించమని డ్రైవరుకి చెబుతున్నాడు.

"అది హీరోగారిది కదరా, ఎక్కడికి?" అన్నాడు వీరరాఘవయ్య.

"బోరబండకు సార్. మా గల్లీల వడ్లాయన ఉన్నడు. జర నున్నగ చేయిస్తా."

"ముళ్లు లేకుండా చూడు. ఆయన ఒళ్లు సుకుమారం!"

"గంతే సార్, గంతే," అన్నాడు నర్సింహ తల దించుకుని.

మూడు వారాలూ వీరరాఘవయ్య పెద్దమ్మ గుడిలో రోజుకో కొబ్బరికాయ కొట్టాడు. దిష్టి తగలకుండా ఎక్స్‌రే కవరుని తెచ్చుకుని దేవుడి గదిలో పెట్టి, దానికీ బొట్టు పెట్టాడు. ఇరవై రెండో రోజు ఫోన్ మోగింది. "నడుం బాగుపడింది, రేపే ఫైటు," అన్నాడు ప్రభంజన్. వీరరాఘవయ్య ఫోన్‌కే దణ్ణం పెట్టేశాడు.

ఫిల్మ్‌నగర్ బండల మీద కెమెరా పెట్టారు. లీలాకుమారి కూడా వచ్చింది. వచ్చీ రాగానే కింద పరుపులు లెక్కపెట్టింది.

"చాలవు. ఇంకో నాలుగు వేయించండి. ఎత్తు కూడా సగం తగ్గించండి."

"దూకేది నర్సింహ తల్లీ, మీ పేషెంటు కాదు!"

"నా ఎదుట ఎవరు దూకినా ఇంతే," అంది.

"వేయించండి సార్," అన్నాడు ప్రభంజన్ కూడా. సరే, వేయించారు.

నర్సింహ దూకాడు. పరుపుల మీద పడి, క్షణం ఆగి, తాపీగా లేచి దుమ్ము దులుపుకున్నాడు. లీలాకుమారి బిగబట్టిన ఊపిరి వదిలింది. ఆ తర్వాత ప్రభంజన్ అదే చోట లేచి నిలబడి మీసం తిప్పాడు. డైరెక్టరు "ఓకే" అన్నాడు. యూనిట్ అంతా చప్పట్లు.

వీరరాఘవయ్య కళ్లు తుడుచుకుంటూ వెళ్లి ప్రభంజన్‌ని కావలించుకున్నాడు.

"మీ నడుం నన్ను నిలబెట్టింది బాబూ! ఇదిగో మీ ఎక్స్‌రే. పీడ వదిలింది, దాచుకుంటారో పారేస్తారో మీ ఇష్టం."

ప్రభంజన్ నవ్వి కవరు అందుకున్నాడు. నెల్లాళ్లుగా ఒంటిని వదలని బెల్టుని విప్పి కుర్చీలో పడేశాడు. వంగి, కింద పడ్డ టవల్ అందుకుని, టీలు తాగుతున్న ఫైటర్ల వైపు చకచకా నడిచాడు. అంత సులువుగా ఎలా వంగాడా అని అబ్బురపడుతూ వీరరాఘవయ్య వెనకే వెళ్లాడు.

ప్రభంజన్ గొంతు తగ్గించి అన్నాడు:

"ఇదిగో నర్సింహా, నీ ఎక్స్‌రే."