తొంభై డిగ్రీల అల్లుడు

"ఆటలాడి బతికేవాడికి మా పిల్లనిచ్చేది లేదు" అంది గావ్ ఆంటీ. అని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

షావ్‌చెన్ ఆవిడ మేడ మీది గదిలో అద్దెకుంటాడు. ఆవిడ కూతురు మిన్‌రూని ప్రేమించాడు. కొత్తగా వచ్చిన ప్రాసెసర్లు ఆటల్లో ఎంత జోరుగా పరుగెడతాయో పరీక్షించి పత్రికకి రాయడం అతని ఉద్యోగం. కంపెనీవాళ్ళు గీసిన గీత దాటించి వాటి వేగం పెంచడం, అదే ఓవర్‌క్లాకింగ్, అతని ప్రాణం. ఈ సంగతి కాబోయే అత్తగారికి అర్థమయ్యేలా చెప్పడానికి కీలుంగ్ ఊళ్ళో మాటలు లేవు.

"అమ్మ ఊ అనందే నేను గడప దాటను" అని మిన్‌రూ తేల్చి చెప్పేసింది.

చలికాలం వచ్చింది. కీలుంగ్‌లో చలికాలమంటే వానే. గోడలు చెమ్మగిల్లాయి, ఉతికిన బట్టలు ఆరడం మానేశాయి. అలాంటి ఒక సాయంత్రం గావ్ ఆంటీ ఏదో పనిమీద గదిలోకి వచ్చి, కంప్యూటర్ వెనక వేడిగాలి కొట్టేచోట చెయ్యి పెట్టి చూసింది.

"ఇదెప్పుడూ ఇలాగే కాలుతుందా?"

"వేగం పెంచితే కాలుతుంది ఆంటీ. ఇప్పుడు తొంభై డిగ్రీల్లో ఉంది."

"ఓహో" అని స్టూలు లాక్కుని కూర్చుంది. తెర మీద కార్ల పందెం నడుస్తోంది. ఆవిడ అటు చూసిందో లేదో గానీ, లేచేటప్పుడు మొహంలో చిరాకు లేదు.

మర్నాడు మళ్ళీ వచ్చింది. "దీని దిక్కు బాగాలేదు. వీపు ఆ అలమారా వైపు తిప్పు. కలిసొస్తుంది."

మూలనున్న ఆ పేము తలుపుల అలమారా ఆవిడదే, తాళమూ ఆవిడ దగ్గరే ఉంటుంది. తలకిందులుగా నిలబడమన్నా నిలబడే స్థితిలో ఉన్నాడు షావ్‌చెన్. వెంటనే తిప్పేశాడు.

ఆ వారంలోనే ఆకుపచ్చ రంగు చిరుతిండి పొట్లమొకటి తెచ్చి కంప్యూటర్ నెత్తిన పెట్టింది. అక్కడ బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, ఏ యంత్రం మొరాయించకూడదో దానిమీద బుద్ధిగా నడవాలని ఆ పొట్లం పెడతారు. ఆకుపచ్చదే పెట్టాలి, ఎవరూ తినకూడదు. షావ్‌చెన్ ఫోటో తీసి మిన్‌రూకి పంపాడు. "మీ అమ్మ దీవించింది!"

"నీళ్ళ మోటారుకీ పెట్టింది. మరీ పొంగిపోకు" అని జవాబొచ్చింది.

పొంగిపోకుండా ఎలా ఉంటాడు? ఆవిడ రోజూ వచ్చి "ఇవాళ ఎంత?" అని అడుగుతోందాయె.

"సెకనుకి రెండొందల పది ఫ్రేములాంటీ."

"ఆ లెక్క నాకెందుకయ్యా, వేడెంత?"

"తొంభై."

"అదీ!"

ప్రాసెసర్ పసంతా వేడి దగ్గరే తేలుతుందన్న కిటుకు ఆవిడ ఇట్టే పట్టేసిందని, తన సంపాదకుడికి కూడా అంత బుర్ర లేదని షావ్‌చెన్ మురిసిపోయాడు. మెట్ల మీద లైటు ఆర్పడం మర్చిపోతే వీధంతా వినేలా తిట్టే మనిషి, "నువ్వు బయటికెళ్ళినా దాన్ని ఆపకు, నడవనీ పాపం" అనేది.

ఒక్కటే ఇబ్బంది. గదిలో తియ్యగా, ఘాటుగా స్పిరిట్ వాసన. ప్రాసెసర్ మార్చినప్పుడల్లా దానిమీద వేడి లాగడానికి పూసిన పాత పేస్టుని స్పిరిట్‌తో తుడవాలి మరి. సీసా మూత బిగించాడు. సీసానే మార్చాడు. వాసన పోలేదు. ఈ వృత్తిలో ఇవి తప్పవని సరిపెట్టుకున్నాడు.

అంతలో కొత్త ప్రాసెసర్ వచ్చింది. ఆటల్లో పాతదాన్ని మించిపోయింది, వేడి మాత్రం యాభై దాటలేదు. గర్వంగా ఆవిడని పిలిచి చూపించాడు.

గావ్ ఆంటీ వెనక చెయ్యి పెట్టింది. మొహం వాడిపోయింది.

"ఈ దరిద్రాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చావ్?"

"ఆంటీ, ఇప్పుడు దీన్ని మించింది లేదు! చల్లగా ఉంటూనే..."

"చెమట పట్టనివాడు ఏం పని చేసినట్టు?" అని విసవిసా వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. మెట్ల మీద ఎదురైతే మొహం తిప్పుకుంది.

షావ్‌చెన్‌కి అన్నం సయించలేదు. నోటిదాకా వచ్చిన పెళ్ళి జారిపోతోంది. కూర్చుని ప్రాసెసర్‌కి కరెంటు పెంచాడు, వేగం పెంచాడు, తెలిసిన దేవుళ్ళందరినీ తలచుకుంటూ తొంభై రెండుకి ఎక్కించాడు. ఇంతా చేస్తే ఆటలో పెరిగింది మూడే ఫ్రేములు. ఇంకెవరైనా ఈ పని చేస్తే పత్రికలో ఉతికి ఆరేసేవాడు. చేసింది తనే గనక నోరు మూసుకుని కిందికి పరుగెత్తాడు.

"ఆంటీ, తొంభై రెండు!"

చేతిలో పని వదిలేసి వచ్చింది. చెయ్యి పెట్టింది. నవ్వింది.

"ఇప్పుడు దారికొచ్చావు నాయనా."

ఏడాది మొత్తంలో పగలు తక్కువుండే రోజు వచ్చింది. ఇంటిల్లిపాదీ కూర్చుని బియ్యప్పిండి ఉండలు తినే పండగది. గావ్ ఆంటీ షావ్‌చెన్‌ని భోజనానికి పిలిచి, చుట్టాలందరి ముందూ "పిల్లని ఇతనికే ఇస్తున్నా" అంది. బల్ల కింద మిన్‌రూ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"షరతొక్కటే. పెళ్ళయ్యాక వేరు కాపురమంటే కుదరదు. ఆ గదిలోనే ఉండాలి. ఆ యంత్రమూ అక్కడే, అలాగే ఉండాలి."

"అలాగే ఆంటీ."

"ఇంకా ఆంటీ ఏమిటి? అత్తయ్యా అను."

షావ్‌చెన్ కళ్ళు నిండాయి. తన పని విలువ ఇన్నాళ్ళకి ఒక మనిషికి తెలిసింది. గిన్నె మీదికి తల వంచాడు. తియ్యటి ఘాటు రసంలో ఉండలు తేలుతున్నాయి, వేడివేడిగా.

ఎదురింట్లో ఉండే గావ్ ఆంటీ ఆడపడుచు తన గిన్నె మళ్ళీ ముందుకు జరిపింది. "ఈ చలికి వీధిలో ఒక్కరి కుండలోనూ ఈ రసానికని పెట్టిన అన్నం పులిసి కల్లు కాలేదు. నువ్వు కుండ ఎక్కడ పెట్టావు వదినా?"

"ఇంకెక్కడ, అల్లుడి గదిలో అలమారాలో, ఆ యంత్రం వీపుకి ఎదురుగా" అంది గావ్ ఆంటీ, ఇంకో గరిటె వడ్డిస్తూ.